పరాయి కొండకు పూలకావడి

తిరుత్తణి నుంచి ఆవడికి పొద్దున్నే పోయే రైల్లో నాతోపాటు ఏళ్ల తరబడి ప్రయాణం చేసినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందుగా వాళ్లకొక మాట. అక్కడ మీరు విన్న నా మిలిటరీ కథలో కొండ నిజం. కావడి నిజం. నా స్నేహితుడు నిజం. మిగతాది రైలును బట్టి పెరుగుతూ వచ్చింది.

ఎలా పెరిగేదో కూడా చెప్పేస్తాను. సైన్యం నుంచి పింఛనుతో వచ్చాక ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో చేరాను. రైలు తిరుత్తణిలో కదిలేటప్పుడు ఆ కొండమీద తుపాకులు పట్టుకున్నవాళ్లు ముగ్గురే. అరక్కోణంలో రైలు కాసేపు నిలబడి ఊపిరి తీసుకునేలోపల వాళ్లు పదిమంది. తిరువళ్లూరులో జనం ఎక్కి, కూర్చున్నవాళ్ల ఒళ్లో సంచులు పెట్టేసరికి ఒక చిన్న పటాలం. ఆవడిలో దిగేవేళకు వాళ్లను చూసి నాకే భయం వేసేది. నేను మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒక్కణ్నే. ఒకరోజు ఎదురు సీటాయన, నిన్న తూటా ఎడమచేతికి తగిలిందన్నారే, ఈరోజు కుడిచెయ్యి చూపిస్తున్నారే అని అడిగాడు. ఆ పక్క దూరి ఈ పక్క వచ్చిందన్నాను. ఆయన సరిపెట్టుకున్నాడు. రైల్లో మనుషులు చాలా మంచివాళ్లు.

ఇప్పుడు అదే రైల్లో చెవుల్లో తీగలు పెట్టుకుని నిద్రపోతూ ఉద్యోగాలకు వెళ్లే పిల్లలు ఈ కథ వినలేదు. మీకోసం మొదటినుంచి చెబుతాను.

పరాయి దేశంలో ఉద్యోగం చేసిన ఆ ఏడాది గురించి రాయమని నన్ను కూర్చోబెట్టింది నా స్నేహితుడి కూతురు. తిరువళ్లూరులో టీచరు. వాళ్లది పొన్నేరి పక్క వరి పండించే కుటుంబం, మాది తిరుత్తణి పక్క మగ్గాల కుటుంబం. చుట్టరికం ఏమీ లేదు. అయినా పుట్టినప్పటినుంచి నన్ను పెదనాయనా అనే పిలుస్తుంది.

“నేను పుట్టేదానికి ముందు మీరిద్దురూ యాడనో కొండెక్కినారంట గదా పెదనాయనా,” అంది ఒకరోజు. “నాయన్ని అడిగితే నవ్వతాడే గాని చెప్పడు. నువ్వేమో దినానికొకటి చెప్తావు. ఒకదాన్ని రాసిపెట్టు.”

“దేన్ని రాసేదమ్మా?”

“జరిగినదాన్ని.”

అది అన్నిటికంటే పొట్టిది అన్నాను. పర్వాలేదు, పొట్టిదైతే నాకూ మేలే అంది. ఆ పిల్లకు తమిళం చదవడం మంచినీళ్లు తాగినట్టు, తెలుగు చదవడం చేపముళ్లు ఏరుకుంటూ తిన్నట్టు. అయినా తెలుగులోనే రాయమంది. వాళ్ల నాయన నోట వచ్చే మాటలు ఆ అక్షరాల్లోనే కనపడాలట.

అది ఆఫ్రికాలో ఒక దేశం. పేరు రాయను. అక్కడివాళ్లు తమలో తాము కొట్టుకుని, అలిసిపోయి, సగంలో ఆపారు. మళ్లీ మొదలుపెట్టకుండా చూడటానికి నాలుగైదు దేశాలనుంచి సైనికులను పోగుచేసి, నీలిరంగు టోపీలు పెట్టి పంపారు. వాళ్లలో మేమూ ఉన్నాం. రైల్లో నేను కమాండోను. నిజానికి స్టోరు చూసుకునే నాయక్‌ను. దుప్పట్లు, సబ్బులు, పసుపు, మిరప్పొడి, డబ్బాల్లో వచ్చే అనాస ముక్కలు నా అధీనంలో ఉండేవి. ఆ ఏడాదంతా నేను గురిచూసి కొట్టినవి ఎలుకలు. అవీ చెప్పుతో.

నా స్నేహితుడు నీళ్ల లారీ డ్రైవరు. నాకంటే చిన్నవాడు, అన్నా అనేవాడు. మా క్యాంపుకు దూరంగా ఒక ఎండిపోయిన వాగు ఉండేది. అదే హద్దు. వాగుకు అవతలి పక్క వేరే గుంపుది, వాళ్ల తుపాకులు వాళ్లవి. ఆ పక్కకు మాలో ఎవరూ పోకూడదు, నీళ్ల లారీ ఒక్కటి తప్ప. అదీ కొండ కిందున్న ఊరిదాకానే. రోజూ పొద్దున వీడు లారీ నింపుకుని వాగు దాటి, ఆ ఊళ్లో ఆడవాళ్ల బిందెలు నింపి వచ్చేవాడు. వాళ్ల భాషలో మా ఇద్దరికీ తెలిసింది ఒకటే మాట. నీళ్లు అనే మాట. వాళ్లు వాడిని పిలిచేది కూడా ఆ మాటతోనే.

ఆ నేల గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది. ఎర్రమట్టి, నడుమెత్తు ఎండుగడ్డి, చూపుకు ఎక్కడా అడ్డం లేదు. పొద్దున్నే మంచు నేలంతా పాలు ఒలికినట్టు పరుచుకునేది. అందులో మేకలు కనపడేవి కావు, మెడల్లో గంటలు మాత్రం వినపడేవి. మనిషి వస్తుంటే ముందు తలమీది బిందె తేలుతూ వచ్చేది, తర్వాత తల, ఆ తర్వాత నవ్వు. ఆ తెలుపుకు అవతల ఒకే ఒక్క కొండ. నా స్టోరు కిటికీలోంచి చూస్తే నడుమ చిన్న నొక్కుతో అచ్చం మా తిరుత్తణి కొండ, మా తణిగమల. మధ్యాహ్నపు ఎండలో అది నేలను వదిలి కాస్త పైకి లేచి ఊగేది. దుప్పట్లు లెక్కపెడుతూ తలెత్తితే, ఒక్క క్షణం నాకు మా అమ్మ మగ్గం చప్పుడు వినపడేది.

ఆడి నెల, అంటే అరవల ఆషాఢం, వచ్చింది. నా స్నేహితుడు తిండి తగ్గించాడు. కడిగిన లారీనే మళ్లీ కడుగుతూ కూర్చునేవాడు. సంగతి నాకు తెలుసు. వాడి భార్యకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి కడుపుతో ఉంది. ఈ బిడ్డ నిలవాలని, ఆడి కృత్తికకు తిరుత్తణి కొండమీది కుమరుడికి, అంటే సుబ్రహ్మణ్యస్వామికి, పూలకావడి మోస్తానని వాడు మొక్కుకున్నాడు. మొక్కుకున్నాకే ఈ దేశానికి పంపారు. సెలవు దొరకలేదు. తమ్ముడు మోస్తాడులే అని ఇంటినుంచి కబురు వచ్చింది.

“మొక్కిన బుజమొకటి, మోసే బుజమొకటా?” అన్నాడు వాడు. “అదెట్ల సరిపోతాదినా?”

వాణ్ని నవ్విద్దామని ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. “కొండ ఉండే తావంతా కుమరుడే అంటారు గదరా మన పక్క. అదో, ఆడ ఉండాది చూడు కొండ.”

వాడు నవ్వలేదు. కొండవైపు చాలాసేపు చూశాడు. ఆ చూపు చూశాక, స్టోరు తాళంచెవి తీయడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది.

విరిగిన డేరా వెదురును వంచి కావడి కట్టాను. మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ని, ముడి వేయడమే నాకొచ్చిన యుద్ధవిద్య. రెండు తెల్ల దుప్పట్లను పసుపులో ముంచి ఆరేశాం. ఆ నెల ఎలుకలు పసుపు కూడా తిన్నాయని పైవాళ్లకు చెప్పాను. నెమలి ఈకలు లేవు, చుక్కల గిన్నెకోడి ఈకలు దొరికాయి. వాగు గట్టున ఏవో పసుపుపచ్చటి పూలు. పాలపొడి కలిపి రెండు మగ్గుల్లో పోసి, గుడ్డ కట్టి, కావడికి చెరో పక్క వేలాడదీశాం. అరటిపళ్లు, చక్కెర, ఎండుద్రాక్ష, ఒక డబ్బా అనాస ముక్కలు కలిపి పంచామృతం పిసికాను.

కావడి సంగతి తెలియని పిల్లలకు ఒకటి చెప్పాలి. దాన్ని భుజానికి ఎత్తుకున్నాక కొండపైకి చేరేదాకా నేలమీద దించకూడదు, వెనక్కి తిరగకూడదు. అలుపొస్తే భుజం మార్చుకోవచ్చు, పక్కవాడి భుజం ఆనించుకోవచ్చు. నేలకు తగిలితే మాత్రం మొక్కు పోయినట్టే.

కృత్తికనాడు పొద్దున్నే నీళ్ల లారీలో నేనూ ఎక్కాను. ఊళ్లో బిందెలు నింపాం. తర్వాత లారీని కొండ కింద ఆపి, నీలిటోపీలు, చొక్కాలు, బూట్లు సీట్లో పెట్టి, పసుపు గుడ్డలు చుట్టుకున్నాం. తుపాకులు తెచ్చుకోలేదు. కావడికి తుపాకీ ఏమిటి అన్నాడు వాడు.

ఇక్కడినుంచి రైల్లో నేను ముందు నడిచేవాణ్ని. కావడిని ఒక భుజంమీద, వాణ్ని ఇంకో భుజంమీద వేసుకుని, తూటాల మధ్య నుంచి కొండను పట్టుకునేవాణ్ని. ఆ పిల్ల జరిగినదాన్ని రాయమంది కాబట్టి సిగ్గుపడి, తల వంచుకుని ఇలా రాశాను:

“సగం కొండ ఎక్కాక గడ్డిలోంచి తుపాకులు లేచాయి. నేను పక్కనున్న పెద్ద బండరాయి వెనక దూరాను. ధైర్యం అనేది నా స్టోరులో ఎన్నడూ లేని సరుకు. నా స్నేహితుడు మాత్రం దారి మధ్యలో నిలబడిపోయాడు. వాళ్లు కేకలు వేశారు. భాష తెలియకపోయినా అర్థమైంది: ఆ వస్తువును కింద పెట్టు, చేతులెత్తు. వాడు పెట్టలేదు. కావడి వణికి, పాలు ఒలికి, వాడి వీపుమీదుగా కారాయి. దించితే మొక్కు పోతుంది, దించకపోతే ప్రాణం పోతుంది. వాడికి పొన్నేరిలో ఉన్న కడుపొక్కటే కనపడినట్టుంది. ఒక అడుగు ముందుకు వేశాడు. కావడి మోసేవాళ్లు కుమరుడికి పెట్టే కేక, అరోహరా, అన్నాడు, పక్కవాడికి చెప్పినంత మెల్లగా.

“అప్పుడు పైనుంచి ఒక ముసలామె వచ్చింది. వాడి మొహంలోకి తొంగి చూసింది. తుపాకులవైపు తిరిగి, మాకు తెలిసిన ఆ ఒక్క మాట అంది. నీళ్లు. తర్వాత చేతిలో ఉన్న సొరకాయ బుర్రలోంచి వాడి పాదాలమీద నీళ్లు పోసింది. కావడి మోసేవాళ్లకు మన వీధుల్లో ఆడవాళ్లు పోసినట్టే. ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. పాదాలకు దుమ్ముందని పోసిందో, మరి దేనికి పోసిందో. తుపాకులు దిగాయి. వాడు వెనక్కి చూడకుండానే పిలిచాడు: ‘అన్నా, బుజము మార్చల్ల, రా.’ నేను రాయి వెనకనుంచి వచ్చాను.

“పైన ఒక నల్లరాయి ముందర కావడి దించి, మగ్గుల్లో మిగిలిన పాలు పోశాం. ఆ తుపాకీ కుర్రాళ్ల అరచేతుల్లో పంచామృతం పెట్టాను. వాళ్లు మోచేతిదాకా నాక్కున్నారు. కొండకు అవతల ఒక చెరువు. అంత నీలం నేను మళ్లీ చూడలేదు. తెల్లకొంగలు ఒక్కొక్కటే లేచి, గాలిలో కాసేపు ఆలోచించి, మళ్లీ వాలుతున్నాయి. మేఘాల నీడలు గడ్డిమీద నడుస్తున్నాయి. ఆ ఘడియలో యుద్ధమనేది ఎవరికో వచ్చిన కలలాగా అనిపించింది.”

ఆ తర్వాత జరిగినది అబద్ధం ఆడటానికి వీల్లేనిది, సాక్షులు ఎక్కువ. మా మేజరు ఉత్తరాది మనిషి. దుర్బీనులో మొత్తం చూశాడు. మేం తిరిగి రాగానే, పసుపు గుడ్డల్లోనే నిలబెట్టి, అదేమిటని అడిగాడు. నాకొచ్చిన హిందీలో కావడి, మొక్కు, కుమరుడు అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఇద్దర్నీ క్వార్టర్‌గార్డులో, అంటే క్యాంపు జైల్లో, పెట్టించాడు. లారీకి వేరే డ్రైవరును వేశాడు. మర్నాడు ఆ డ్రైవరు వాగు దాటబోతే వాళ్లు దాటనివ్వలేదు. ఆ మర్నాడు ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి మా గేటు ముందర కూర్చున్నారు. ఎవరేమడిగినా ఒకటే మాట. నీళ్లు. సాయంకాలానికి నా స్నేహితుడి చేతికి లారీ తాళంచెవి వచ్చింది. నా కోసం ఎవరూ బిందెలు తీసుకుని రాలేదు కాబట్టి నేను శిక్ష అయిపోయేదాకా లోపలే ఉండిపోయాను.

రెండు నెలలకు ఇంటినుంచి కబురొచ్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. వాడు స్టోరుకు వచ్చి, నా ఎదురుగా దుప్పట్ల మూటమీద కూర్చుని, చాలాసేపు కిటికీలోంచి కొండను చూసి వెళ్లాడు.

ఇక్కడితో నా రాత అయిపోయింది. ఇది మొన్న ఆడి కృత్తికకు ముందురోజు మా ఇంట్లో చదివి వినిపించాను. తండ్రీకూతుళ్లు పొన్నేరి నుంచి వచ్చి మా ఇంట్లో దిగారు. వాడికిప్పుడు మోకాళ్లు సరిగా లేవు, మెట్లు వద్దని డాక్టరు చెప్పాడు, అయినా చిన్న కావడి మోస్తానని పట్టు. వీధంతా పూలవాసన, పసుపు గుడ్డలు, మొట్ట కొట్టించుకుని గుండుకు చందనం పూసుకున్న తలలు. తిన్నెమీద కూర్చుని నేను చదువుతుంటే వాడు కళ్లు చికిలించి విన్నాడు. అయిపోయాక నోట్లోని వక్క పక్కకు తోసుకుని అడిగాడు.

“చెరువు యాడిదినా?”

“కొండకు అవతల. కొంగలు లేవా?”

“ఆడ చెరువుంటే వాళ్లకు నా లారీ ఎందుకునా?”

ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరే, చెరువు తీసేస్తాను, బండరాయి ఉండనీ అన్నాను. అది నేను సిగ్గు విడిచి రాసింది.

“రాయి గూడా యాడుండాది? మొత్తం గడ్డి. సుమ్మా, ఊరికే రాసేస్తివి. దాంకునేదానికి ఎలక్కి గూడా తావు లేదు.”

“మరి నేను యాడుంటినిరా?”

“నా ఎనకాలే. కండ్లు మూసుకోని, నా గుడ్డ కొంగు పట్టుకోనుంటివి. లారీకాడ పట్టుకున్నోడివి మళ్లా లారీకాడే వదిల్తివి. పంచామృతం పెట్టింది మట్టుకు నువ్వే. కండ్లు తెరవకుండా పెడితివి. ఒకడి మీసానికంతా పూస్తివి.”

నాకు కోపం రావాలి. రాలేదు. కళ్లు మూసుకుని చూశాను. చెరువు లేకుండా పోయింది. తిరువళ్లూరు దాటాక వానాకాలంలో రైలు కిటికీలో కనపడే చెరువు, కొంగలతో సహా, ఎప్పుడో నాకు తెలియకుండా ఆ కొండెక్కినట్టుంది. ముసలామె, ఆమె పోసిన నీళ్లు నేను చూసినవా, వాడు తర్వాత చెప్పినవా, ఇప్పుడు తెలియదు. ఇంకేం మిగిలిందని వెతికాను. తడి పసుపు వాసన. పిడికిట్లో గుడ్డ. ముందు నడుస్తున్నవాడి ఊపిరి. చేతిమీద పడిన గోరువెచ్చని పాలచుక్క. దూరంగా మేకల గంటలు. ఇన్నేళ్లు ఏ రైల్లోనూ ఇవి చెప్పలేదు. చెప్పడానికి ఇవొక కథ అని కూడా తోచలేదు.

ఇన్ని రోజులు ఎందుకు నోరు మూసుకున్నావని అడిగాను.

“నువ్వు చెప్పేది బాగుండె,” అన్నాడు. “నేనెందుకు చెరిచేది?”

కూతురు నవ్వడం ఆపింది. తండ్రి పక్కకు జరిగి, మెల్లగా అడిగింది. “నీకు బయం కాలేదా నాయనా?”

“కాకుండా ఉంటాదామ్మా. తుపాకులు చూస్తానే తిరుక్కుందామంటిని. మొక్కు పోతే పోనీ, పేణం ఉంటే సాలనిపించె. తిరుక్కునేదానికి ఎనక ఈయప్ప పట్టుకోనుండాడే. లాగినాను. వదల్డు. అట్ల పట్టుకుంటే యాడ తిరుక్కునేది? ఇంగ ముందరికి పోతిని, అంతే.”

వీధిలో ఎవరో అరోహరా అన్నారు. ఆ పిల్ల వాళ్ల నాయన మొహం చూసింది, తర్వాత ఒడిలో ఉన్న నా కుడిచేతిని చూసింది. రైల్లో తూటా తగిలిన చెయ్యి అదే. తూటా తగిలిందన్నప్పుడు కూడా ఎవరూ దాన్ని అలా చూడలేదు.

రాసింది చింపేయనా అని అడిగాను. వద్దంది. చెరువు కూడా ఉండనీ, కింద నాయన చెప్పింది చేర్చు చాలు అంది. చేర్చాను. మీరు చదివింది అదే.

మర్నాడు తెల్లవారుతుండగా మెట్ల దగ్గరికి వెళ్లాం. కొండమీద సన్నటి మంచు. ముందు వాడు, భుజంమీద చిన్న కావడి, ఈసారి నిజమైన నెమలి ఈకలు. వెనక నేను. నా వెనక ఆ పిల్ల. జనం తోపులాటలో ఎక్కడ విడిపోతామో అని వాడి పసుపు గుడ్డ కొంగు పట్టుకున్నాను. జనం తోపులాట వల్లే, మరి దేనికీ కాదు. వాడు వెనక్కి చూడకుండానే ఒకసారి దాన్ని లాగి చూసుకున్నాడు, ఉన్నానా లేనా అని. తడి పసుపు వాసన వచ్చింది. ఎక్కడో గంటలు మోగాయి.

“పెదనాయనా, మెట్టు,” అంది వెనకనుంచి ఆ పిల్ల.

“చూస్తానే ఉండానమ్మా,” అన్నాను.